అమెరికా భౌతికశాస్త్ర చరిత్రలో నల్లజాతి విద్వాంసులు

శాస్త్రచరిత్ర వ్రాయువారు సాధారణముగాఁ గనుఁగొనఁబడిన విషయములనే వరుసగాఁ బేర్కొందురు. ఎలక్ట్రాను 1897లోఁ గనుఁగొనఁబడెను, న్యూట్రాను 1932లో, టాప్ క్వార్కు 1995లో. ఈ పట్టికలో యంత్రములకును సిద్ధాంతములకును జోటున్నది గాని, ఆ యంత్రముల యొద్దకు ఎవరు పోఁగలిగిరి, ఎవరు పోలేకపోయిరి అను ప్రశ్నకుఁ జోటు లేదు. ఆ ప్రశ్నను విడిచి వ్రాసిన చరిత్ర యసత్యము కాకపోయినను అసంపూర్ణమని యొప్పుకొనక తప్పదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతివారికిని భౌతికశాస్త్రమునకును గల సంబంధమును 1876 మొదలు మన కాలము వఱకు సంగ్రహముగా విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము. ఇందు ‘ప్రథముఁడు’, ‘ప్రథమురాలు’ అను మాటలు పలుమాఱు వచ్చును. లోకమున ఆ మాటలను ప్రశంసగా వాడుదురు. చరిత్ర నరయువాఁడు వానినే ప్రశ్నలుగాఁ గైకొనవలెను. ఇతఁడు మొదటివాఁడైనచో రెండవవాఁ డెప్పుడు వచ్చెను? నడుమ నెన్ని యేండ్లు గడచెను? అట్లు గడచుటకుఁ గారణ మేమి?

1. బూషే

ఎడ్వర్డు అలెగ్జాండరు బూషే 1852 సెప్టెంబరు 15వ తేదీని కనెక్టికటు రాష్ట్రములోని న్యూహేవెను పట్టణమున జన్మించెను. హాప్‌కిన్సు పాఠశాలలో నగ్రస్థానము నంది, 1870లో ఆ యూరనే యున్న యేలు కళాశాలయందుఁ బ్రవేశించి, 1874లోఁ దన తరగతిలో నాఱవవాఁడుగాఁ బట్టము నొందెను. రెండేండ్ల పిమ్మట 1876లో, వక్రీభవన గుణకములను గొలుచుటను గుఱించి వ్రాసిన పరిశోధన వ్యాసమునకు ఆయనకు డాక్టరు పట్టము లభించెను. వెలుఁగు గాలినుండి గాజులోనికిఁ బోవునప్పుడు ఎంత వంగునో తెలుపు సంఖ్యయే వక్రీభవన గుణకము. దూరదర్శినికిని సూక్ష్మదర్శినికిని దగిన గాజు నెన్నుకొనుటకు ఈ సంఖ్యయే యాధారము.

బానిసత్వము రాజ్యాంగ సవరణమువలన రద్దయినది 1865లో. పదునొకండేండ్లకే ఒక నల్లజాతి యువకుఁడు అమెరికా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము నొందెను. ఆ జాతివారిలో ఏ శాస్త్రమునందైనను ఆ దేశమున నట్టి పట్టము నొందినవారిలో ఆయనయే ప్రథముఁడు. భౌతికశాస్త్రమున నా పట్టము నందిన యమెరికనులందఱిలో నాఱవవాఁడని లెక్కింతురు. అనఁగా, ఆ దేశమున భౌతికశాస్త్ర పరిశోధన యింకను మొలకగా నున్న దినములలోనే యాయన దానియందుఁ జేరినవాఁడు. ఆలసించి వచ్చినవాఁడు కాఁడు.

అయినను ఆయనకు ఏ విశ్వవిద్యాలయమునను ఆచార్యపదవి దొరకలేదు. ఆయన పై చదువునకు ధనసాహాయ్యము చేసిన ఆల్ఫ్రెడు కోపు అను క్వేకరు దాత, ఫిలడెల్ఫియా నగరమున నల్లజాతి బాలబాలికల కొఱకు క్వేకరులు నడపుచుండిన విద్యాలయమునకుఁ బాలకవర్గములోనివాఁడు. ఆ విద్యాలయముననే బూషే 1876 మొదలు 1902 వఱకు ఇరువదియాఱేండ్లు భౌతిక రసాయన శాస్త్రములను బోధించెను. బోధకుఁడుగా నాయన కీర్తి నందెను; పరిశోధనకు మాత్ర మవకాశము లేకపోయెను. కొలఁతలయందు అంతటి నేర్పు సంపాదించినవానికి, ఆ కొలఁతలను గొనసాగించుటకుఁ దగిన ప్రయోగశాల యేదియు నీయఁబడలేదు.

1902లో నేమి జరిగెనో కొంత వివరింపవలసియున్నది. ఆ కాలమున నల్లజాతివారికి ఏ విద్య తగునను విషయమై గొప్ప వివాదము నడచుచుండెను. బుకర్ వాషింగ్టను 1895లో అట్లాంటా నగరమునఁ జేసిన ప్రసంగమున, తన జాతివారు ముందుగా వృత్తివిద్యల నభ్యసించి జీవనము నేర్పఱచుకొనుట మేలని చెప్పెను. డుబాయిసు పండితుఁడు 1903లోఁ బ్రకటించిన గ్రంథమున దానిని ఖండించి, ఉన్నతవిద్య లేనిదే యే జాతియుఁ దల యెత్తఁజాలదని వాదించెను. ధనవంతులైన దాతలలోఁ బెక్కురకు మొదటి పక్షమే రుచించెను. ఫిలడెల్ఫియా విద్యాలయమువారును ఉన్నతశాస్త్ర బోధనమును విడిచి చేతిపనుల శిక్షణమునకు మరలిరి. బూషే తన పదవిని వీడెను. తరువాత సెయింటు లూయీ నగరమునను, వర్జీనియా, ఒహాయో, టెక్సాసు రాష్ట్రములయందును వేర్వేఱు పాఠశాలలలోఁ బనిచేసి, ఆరోగ్యము చెడి 1916లో స్వస్థలమునకు మరలి, 1918 అక్టోబరు 28వ తేదీని న్యూహేవెనునందే కాలధర్మము నొందెను. ఆయన సమాధిపైఁ జిరకాలము గుఱుతు రాయియైనను లేకుండెను. యేలు విశ్వవిద్యాలయమువారు 1998లో దానిపై శిలాఫలకము నిలిపిరి.

2. ఆధారముల సవరణ

పరిశోధకులకుఁ బ్రయోజనకరమైన యొక విషయము నిచ్చటఁ జెప్పవలెను. బూషేనుగూర్చి పెక్కేండ్లు రెండు మాటలు గ్రంథమునుండి గ్రంథమునకు వ్రాయఁబడుచు వచ్చెను. ఆయన 1874లో ఫై బీటా కప్పా అను విద్వత్సంఘమునకు ఎన్నుకొనఁబడిన మొదటి నల్లజాతివాఁడనునది యొకటి. యేలు కళాశాలలోఁ బట్టము నొందిన మొదటి నల్లజాతివాఁ డనునది రెండవది. ఈ రెండును నిలువలేదు. సంఘపు లెక్కలను బరిశీలింపఁగా, ఆయన యెన్నిక 1884లో జరిగెననియు, వెర్మాంటు విశ్వవిద్యాలయమున జార్జి వాషింగ్టను హెండర్సను 1877లోనే యెన్నుకొనఁబడెననియుఁ దేలెను. 1857లో యేలున రిచర్డు హెన్రీ గ్రీను అను నల్లజాతివాఁడు పట్టము నొందినట్లు 2014లో వెల్లడియయ్యెను.

ఇందువలన బూషే గౌరవము తగ్గినదా? తగ్గలేదు. ఆయన డాక్టరు పట్టమును గుఱించిన మాట చెక్కు చెదరలేదు. కాని హెండర్సను, గ్రీను అనువారి పేర్లు మఱుగుపడియుండుటకుఁ గారణ మూహింపుఁడు. ఒకరిని బ్రథమునిగా నిలిపి కొనియాడుటకు అలవాటుపడిన పిమ్మట, వెనుకటివారిని వెదకు శ్రద్ధ యెవరికిని లేకపోయెను. ప్రశంస కూడ నొక్కొక్కప్పుడు మఱపునకు హేతువగును.

3. ఐమ్సు

రెండవవాఁ డెప్పుడు వచ్చెనను ప్రశ్నకు సమాధానము 1918. బూషే మరణించిన యేఁటనే ఎల్మరు శామ్యూలు ఐమ్సు మిషిగను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర డాక్టరు పట్టము నందెను. మొదటివానికిని రెండవవానికిని నడుమ నలువదిరెండేండ్లు! ఒక తరము పుట్టి, చదివి, ముదిమి నొందుటకుఁ జాలిన కాలము.

ఐమ్సు 1883లో మెంఫిసు నగరమున జన్మించి, నల్లజాతివారి విద్యాపీఠమైన ఫిస్కు విశ్వవిద్యాలయమున 1903లోఁ బట్టము నందెను. మిషిగనున హారిసను రాండలు ఆచార్యుని యొద్ద నాయన చేసిన పరిశోధన 1919లో ఆస్ట్రోఫిజికల్ జర్నలునఁ బ్రకటింపఁబడెను. దాని ప్రాధాన్యము నించుక తెలిసికొనవలెను. ఉదజహరికామ్లము మున్నగు వాయువులగుండఁ బరారుణ కిరణములను బంపినచోఁ గొన్ని కిరణములు పీల్చుకొనఁబడును. అంతకు మునుపటి కొలఁతలలో అది వెడల్పైన మసక పట్టీగాఁ గనఁబడుచుండెను. ఐమ్సు తన పరికరములను మిక్కిలి సూక్ష్మముగా నమర్చి, ఆ పట్టీని వేర్వేఱు గీఁతలుగా విడఁదీసి చూపెను. అణువు తన యిచ్చ వచ్చిన వేగమునఁ దిరుగఁజాలదనియు, మెట్లమీఁద నిలుచున్నట్లు నియతమైన శక్తిస్థితులయందే తిరుగుననియు దీనివలన స్పష్టమయ్యెను. క్వాంటము సిద్ధాంతము అణువుల భ్రమణమునకును వర్తించునని దీనివలన స్థిరపడెను. ఆయన గీఁతలలోఁ గొన్ని జంటలుగా నుండుటను బట్టి, క్లోరినునందు 35, 37 భారములు గల రెండు తెగల పరమాణువులు గలవని 1920లో ఇతర పండితులు నిరూపించిరి.

ఇట్టి పని చేసినవానికిని పెద్ద విశ్వవిద్యాలయమున స్థానము దొరకలేదు. కొంతకాలము న్యూయార్కునఁ బరిశ్రమలయందు పనిచేసి, 1930లో ఐమ్సు ఫిస్కునకు మరలి, అచ్చట భౌతికశాస్త్ర శాఖ కధ్యక్షుఁడై 1941లో మరణించెను. స్వాను అను ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుఁడు ఆ యేఁటనే సైన్సు పత్రికలో నాయన స్మృతివ్యాసమును వ్రాసెను. బూషేకంటె నాయన యదృష్టవంతుఁడనవలెను. పని చేయనిచ్చిరి, ఆ పని ముద్రింపఁబడెను, ముద్రింపఁబడినది నిలిచెను. అయినను రాండలు పాఠశాలను గుఱించియు, అణువర్ణపటములను గుఱించియు వ్రాయువారిలో నెందఱు ఐమ్సు పేరు తలంతురు? అట్లాంటా నగరవాసి యగు రొనాల్డు మికెన్సు అను భౌతికశాస్త్రజ్ఞుఁడు శ్రమపడి బూషేనుగూర్చి 2002లో నొక గ్రంథమును, ఐమ్సునుగూర్చి 2018లో ఫిజిక్స్ టుడే పత్రికలో నొక వ్యాసమును బ్రకటించెను.

4. విల్కిన్సు, ఓక్‌రిడ్జి

మూఁడవ కథ యుద్ధకాలమునకుఁ జెందినది. ఎర్నెస్టు విల్కిన్సు 1923లో జన్మించి, పదుమూఁడవ యేఁట చికాగో విశ్వవిద్యాలయమునఁ బ్రవేశించి, పందొమ్మిదవ యేఁట, అనఁగా 1942లో, గణితమున డాక్టరు పట్టము నందెను. 1944లో నాయన పరమాణుశక్తి పరిశోధనకై చికాగోయందు రహస్యముగా నడచుచుండిన లోహశాస్త్ర ప్రయోగశాలలోఁ జేరి, విగ్నరు పండితుని వర్గముతోఁ గలసి, న్యూట్రానులు మందగమనము నొందు విధమును గణితముచే నిరూపించు పని చేసెను. ఆ గణనలో విగ్నరు పేరితో జతగా విల్కిన్సు పేరు నేఁటికిని జెప్పుదురు.

ఆ వర్గమును టెనెసీ రాష్ట్రములోని ఓక్‌రిడ్జికి మార్ప నిశ్చయించిరి. టెనెసీ యందు నల్లజాతివారిని వేఱుచేయు శాసనములు నడచుచుండెను. 1944 సెప్టెంబరులో ఎడ్వర్డు టెల్లరు, హెరాల్డు యూరీకి నొక లేఖ వ్రాసి, విల్కిన్సు సామర్థ్యమును మెచ్చుకొని, ఆయన నల్లజాతివాఁ డగుటచే వర్గముతోఁ గూడ నచ్చటికిఁ బోవుట సాధ్యము కాదు గావున మఱియొక పని చూపుఁడని కోరెను. ఈ లేఖలో ద్వేషము లేదు. అందుచేతనే యిది గమనింపఁదగినది. మెచ్చుకొన్నవారును శాసనమును బ్రశ్నింపక, దాని చుట్టును దారి వెదకిరి. విల్కిన్సు చికాగోయందే యుండి 1946 వఱకుఁ బని చేసెను. 1945 జులైలో, జపానుపై పరమాణ్వస్త్రమును బ్రయోగించుటకు ముందు యోచింపవలసినదని జిలార్డు పండితుఁడు రాష్ట్రాధ్యక్షునకు వ్రాసిన విన్నపముమీఁద సంతకము చేసినవారిలో నాయన యొకఁడు.

5. వెస్టను గ్రామము

యుద్ధానంతరమున మూలకణములను శోధించుటకుఁ బెద్ద త్వరణ యంత్రములు గావలసివచ్చెను. 1966 డిసెంబరులో అమెరికా పరమాణుశక్తి సంఘమువారు చికాగోకుఁ బడమటనున్న వెస్టను గ్రామమును జాతీయ ప్రయోగశాలకై యెన్నుకొనిరి. దానివలన నొక చిక్కు పుట్టెను. ఇలినోయి రాష్ట్రమున నిండ్ల యద్దెలయందును విక్రయములందును జాతిభేదమును నిషేధించు శాసనము లేదు. ప్రయోగశాలలో నల్లజాతివారి కుద్యోగ మిచ్చినను, చుట్టుపట్ల వారికి ఇల్లెవ రిత్తురు? ఇల్లు దొరకని చోట ఉద్యోగము దొరకియుఁ బ్రయోజన మేమి? 1967 వేసవిలో నిరసనకారులు ఆ స్థలము కడ గుడారములు వేసికొని కూర్చుండిరి. మార్టిను లూథరు కింగు ఈ యెన్నికను నిరసించెను. శాసనసభయందు పాస్టోరు సభ్యుఁడు ఈ కారణముననే యాక్షేపించెను. అయినను ఆ యేఁటనే ధనమంజూరీ జరిగెను.

ప్రయోగశాలకు ప్రథమాధ్యక్షుఁడైన రాబర్టు విల్సను, ఉపాధ్యక్షుఁడు ఎడ్విను గోల్డువాసరు, 1968 మార్చి 15వ తేదీని మానవహక్కులను గుఱించి యొక విధానప్రకటనము గావించిరి. శాస్త్రోద్దేశములను సాంఘికోద్దేశములనుండి వేఱుచేయరాదనియు, పని సౌకర్యమునకును మానవహక్కులకును విరోధము సంభవించినచోఁ దాము హక్కుల పక్షముననే నిలుతుమనియు దాని భావము. ఇరువది దినములకు, ఏప్రిలు 4వ తేదీని, కింగు హత్య గావింపఁబడెను. ఏప్రిలు 11వ తేదీని దేశమంతటికిని వర్తించు గృహవసతి శాసనము వచ్చెను.

ప్రకటనము కాగితముమీఁదనే నిలిచిపోలేదు. చికాగో పేటలలోని నల్లజాతి యువకుల నెన్నుకొని, యంత్రముల పనియందు శిక్షణమునకై వారిని ఓక్‌రిడ్జికిఁ బంపిరి. 1944లో విల్కిన్సు పోఁగూడని యూరు అదియే! నాలుగవవంతు శతాబ్దము గడచుసరికి, ఆ యూరికే అదే చికాగోనుండి ఆ జాతి యువకులు ప్రభుత్వవ్యయముతోఁ బోయిరి. ఇందు సంతోషింపవలసినది కలదు, మఱవరానిదియుఁ గలదు. విల్కిన్సు పోవలసినది పరిశోధకుఁడుగా. ఈ యువకులు పోయినది సాంకేతిక శిక్షణమునకు. త్రోవ తెఱువఁబడెను గాని, మేడ మీఁది గదుల త్రోవ కాదు.

1974లో ఫెర్మీ పేరు పెట్టఁబడిన ఆ ప్రయోగశాలయందే 1977లో బాటమ్ క్వార్కును, 1995లో టాప్ క్వార్కును గనుఁగొనఁబడినవి.

6. తరువాతి తరము

మేడ మీఁది గదులకుఁ జేరినవారు క్రమముగా వచ్చిరి. మిషిగను విశ్వవిద్యాలయమునఁ బరారుణ వర్ణపటములను గుఱించియే పరిశోధించి విల్లీ హాబ్సు మూర్ 1972లో డాక్టరు పట్టము నందెను. భౌతికశాస్త్రమున నా పట్టము నందిన నల్లజాతి స్త్రీలలో నామె ప్రథమురాలు. అదే విశ్వవిద్యాలయమున ఐమ్సు పట్టము నంది అప్పటికి ఏఁబదినాలుగేండ్లు.

షర్లీ ఆను జాక్సను 1946లో వాషింగ్టను నగరమున జన్మించి, 1964లో మాసచూసెట్సు సాంకేతిక విద్యాపీఠమునఁ జేరెను. తోడి విద్యార్థినులు కలసి చదువుకొనునప్పుడు తన్నుఁ జేర్చుకొనకపోయిరని యామెయే చెప్పియున్నది. పై చదువునకు వేఱొక విశ్వవిద్యాలయమును జూచి మరలుచుండఁగా కింగు నెవరో కాల్చిరను వార్త వినెను. ఆ దినముననే, తాను చదివిన చోటనే యుండి తరువాత వచ్చువారికిఁ ద్రోవ చేయవలెనని నిశ్చయించుకొనెను. జేమ్సు యంగు అను నల్లజాతి యాచార్యుని యొద్ద సైద్ధాంతిక మూలకణశాస్త్రమునఁ బరిశోధించి 1973లో డాక్టరు పట్టము నందెను. ఆ విద్యాపీఠమున నట్టి పట్టము నందిన నల్లజాతి స్త్రీలలో మొదటిది. పిమ్మట నామె పైఁ జెప్పిన ఫెర్మీ ప్రయోగశాలయందును, ఐరోపాలోని సెర్నునందును బరిశోధించి, 1995 మొదలు 1999 వఱకు పరమాణుశక్తి నియంత్రణ సంఘమున కధ్యక్షురాలుగాను, 1999 మొదలు 2022 వఱకు రెన్సెలర్ విద్యాపీఠమున కధ్యక్షురాలుగాను నుండెను.

యంగు ఆచార్యునివంటివాఁడు ఒకఁడుండుటవలన నెంత మేలు కలుగునో దీనిని బట్టి తెలియును. బూషే కట్టి గురువు లేఁడు. ఆయన శిష్యులకుఁ బరిశోధనశాల లేదు. 1977లో నల్లజాతి భౌతికశాస్త్రజ్ఞుల జాతీయసంఘ మేర్పడెను. ఆ యేఁటనే డాక్టరు పట్టము నందిన సిల్వెస్టరు జేమ్సు గేట్సు, అతిసౌష్ఠవ సిద్ధాంతమున ఖ్యాతి గాంచి, 2021లో అమెరికా భౌతికశాస్త్ర సంఘమున కధ్యక్షుఁడయ్యెను. ఆ పదవిని 1990లో వాల్టరు మాసీ అలంకరించియుండెను.

7. లెక్కలు చెప్పునది

ఈ పేర్లను వరుసగాఁ జదువువారికి, కష్టములు గడచి కథ సుఖాంతమైనదని తోఁపవచ్చును. లెక్క లట్లు చెప్పుట లేదు. అమెరికా భౌతికశాస్త్ర విద్యాసంస్థవారు నియమించిన విచారణసంఘము 2020లోఁ బ్రకటించిన నివేదికను బట్టి, భౌతికశాస్త్రమున మొదటి పట్టము నొందువారిలో నల్లజాతివారి భాగము 1990 తరువాతి దశకము చివర నూటికి ఐదు ప్రాంతమున నుండి, తరువాత నాలుగింటికిఁ దక్కువయ్యెను. అనఁగా పెరుగుటకు మాఱు తగ్గెను. విద్యార్థులకు సామర్థ్యము లేక కాదనియు, శాఖలయందుఁ దాము చెందినవారమను భావము కలుగకపోవుట, ధనసాహాయ్యము చాలకపోవుట మొదలగునవియే హేతువులనియు నా నివేదిక తేల్చెను. 2020 జూను 10వ తేదీని మూలకణ శాస్త్రజ్ఞులు పెక్కురు ఈ విషయమునే చర్చించుటకై ఒక దినము తమ పరిశోధనలను నిలిపివేసిరి. 1901 మొదలు 2024 వఱకు భౌతికశాస్త్ర నోబెలు బహుమానము నల్లజాతివారి కొక్కరికిని రాలేదు.

ప్రకృతినియమములకు జాతిభేదము లేదు గదా, శాస్త్రచరిత్రయందు ఈ చర్చ యేల యని కొందఱాక్షేపింతురు. మొదటి మాట నిజము. న్యూట్రాను తన్ను లెక్కించువాని వర్ణము నెఱుఁగదు. కాని ఓక్‌రిడ్జి శాసనము ఎఱుఁగును. వెస్టను గ్రామపు ఇంటియజమాని ఎఱుఁగును. నియమములు ప్రకృతివి, ప్రయోగశాలలు మనుష్యులవి. రెండవదానిని గుఱించి వ్రాయునప్పుడు మొదటిదాని నిష్పాక్షికతను సాక్ష్యముగాఁ దెచ్చుట న్యాయము కాదు.

కావున శాస్త్రవిషయములను బత్రికలలో వ్రాయువారికిని, చరిత్ర వ్రాయువారికిని ఒక మనవి. ఒకరిని బ్రథముఁడని కొనియాడునప్పుడు, ఆయన కనుఁగొన్న దేమియో ముందు చెప్పుఁడు. తరువాతివాఁ డెప్పుడు వచ్చెనో పిమ్మటఁ జెప్పుఁడు. బూషే కొలిచిన గాజుల సంగతియు, ఐమ్సు విడఁదీసిన గీఁతల సంగతియుఁ జెప్పక వారి జాతినే చెప్పినచో, వారిని శాస్త్రజ్ఞులుగాఁ గాక వింతలుగాఁ జూపినట్లగును. నలువదిరెండేండ్ల యంతరమును జెప్పకున్నచో, బూషే నల్లజాతివాఁడగుటచేతఁ గోల్పోయినది మఱుఁగుపడును. ఆయన బోధించిన యిరువదియాఱేండ్లలో ఫిలడెల్ఫియా విద్యాలయమునుండి వెడలిన బాలబాలికలలో నెందఱు పరిశోధకులు కావలసినవారో లెక్కించు సాధనము మనకు లేదు. జరిగిన పనికి ఆధారములు దొరకును. జరుగనీయఁబడని పనికి దొరకవు. చరిత్రకారుఁడు ఆ రెండవదానికిని దన గ్రంథమున నొక పుట విడిచియుంచుట ధర్మము.